అరుదైన డచ్ ఇంటిపేరు వెనక ఉన్న ఊరు

చి. ల. సౌ. అనూషకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న రాత్రి చదివాను. ఏడో నెల, కూర్చోడానికే ఇబ్బందిగా ఉంటుంది. అయినా అంత పొడుగ్గా రాశావంటే ఆ విషయం మనసులో ఎంతగా నలుగుతోందో తెలిసింది. బిడ్డకు మన ఇంటిపేరూ అల్లుడి ఇంటిపేరూ రెండూ పెట్టాలనుకుంటున్నారు. పెట్టేముందు ఆ డచ్ పేరు ఎక్కడిదో, ఎంతమందికి ఉందో తెలుసుకోవాలంటావు. నాకు చాలా సంతోషమైంది. ద హేగ్‌కి వచ్చి నలభై ఏళ్లయింది. అందులో పదిహేనేళ్లు పాత రిజిస్టర్ల చేతిరాత చదివి సూచికలకు ఎక్కించే పనిలో గడిపాను. ఇలాంటి ప్రశ్న మన ఇంట్లోంచి రావడం ఇదే మొదలు.

ఆ పేరు మాత్రం ఈ ఉత్తరంలో రాయను. అంత అరుదైన పేరు రాస్తే ఊరూ వీధీ రాసినట్టే. నువ్వు కూడా ముక్కూమొహం తెలియనివాళ్లను సాయం అడిగేటప్పుడు బతికున్నవాళ్ల వివరాలు పెట్టకు. చివర 'ఇంక్' అని వస్తుంది, అందులో కె ముందు ఒక సి అదనంగా ఉంటుంది. మన మాటలకి అంతమాత్రం చాలు.

ముందు సంఖ్య సంగతి. నువ్వు చూసిన ఫమీలినామెన్‌బ్యాంక్ నమ్మదగిందే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని మేర్టెన్స్ ఇన్‌స్టిట్యూట్, ఇక్కడి సీబీజీ అనే కుటుంబ చరిత్ర కేంద్రం కలిసి తయారుచేసిన ఇంటిపేర్ల పట్టిక అది. 3 లక్షలకు పైగా ఇంటిపేర్లున్నాయి. ప్రతి పేరుకీ రెండు లెక్కలు చూపిస్తారు, ఒకటి 1947 జనగణన నుంచి, ఇంకొకటి 2007 జనాభా రిజిస్టరు నుంచి. దేశంలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న 'డె యోంగ్' అనే పేరు 2007లో దాదాపు 84 వేల మందిది. నీకేమో '5 కంటే తక్కువ' అని వచ్చింది. అది చూసి గుండె జారిందన్నావు. జారనవసరం లేదు. ఐదుకి లోపల ఉంటే గోప్యత కోసం అసలు అంకె చూపించరు, అంతే. పైగా ఈ దేశపు రిజిస్టర్లలో ఆడవాళ్లు పెళ్లయినా పుట్టింటి పేరుతోనే ఉంటారు. మీ అత్తగారు తలుపు మీద భర్త పేరు రాసుకున్నా లెక్కలో ఆ పేరు కిందకి రాదు. నువ్వూ అంతే. అల్లుడు, మామగారు, ఆడపడుచు, వీళ్లే ఆ లెక్కకు సరిపోయారు.

వెతికేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. 'వాన్', 'డె', 'టెన్' లాంటి ముందుమాటల్ని నెదర్లాండ్స్‌లో పక్కనపెట్టి అసలు పేరు మొదటి అక్షరం కింద చూస్తారు. బెల్జియంలో 'వాన్' ఉంటే వి కిందే చూడాలి. మీ పేరుకు ఆ గొడవ లేదు, కానీ మీ అత్తగారి వైపు పేరు వెతికేటప్పుడు పనికొస్తుంది.

సంఖ్య కంటే నువ్వు ఎక్కువసేపు చూడాల్సింది పటం. అదే పట్టికలో ఏ మునిసిపాలిటీలో ఆ పేరువాళ్లు ఎక్కువో రంగులతో చూపిస్తారు. మీ పేరుకి పటం దాదాపు ఖాళీగా ఉంటుంది, నిజమే. అయితే ఆ అదనపు సి తీసేసి మళ్లీ వెతుకు. నిన్న నేను అదే చేశాను. తూర్పున, జర్మనీ సరిహద్దు పక్కన ఉన్న ఆఖ్టర్‌హూక్ ప్రాంతమంతా రంగు అలుముకుంది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో రాయసగాళ్లు ఆ చివరను సి పెట్టి రాయడం మామూలు. తర్వాత అందరికీ అది ఊడిపోయింది, మీవాళ్లకు మిగిలిపోయింది. అంటే అరుదైంది రాత, పేరు కాదు. ఇది గట్టిగా పట్టుకో. సి ఉన్నవాళ్లనే వెతికితే మూడు తరాల వెనక దారి మూసుకుపోతుంది. చివర 'ఇంక్', 'ఇంగ్', సి ఉన్నదీ లేనిదీ, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని అన్నిటినీ వెతుకు. డచ్ పేర్లలో ఐ-జె జంటను వై అని, కె బదులు సి-కె అని రాసేవారు.

ఆఖ్టర్‌హూక్ అంటే 'వెనక మూల' అని అర్థం. అక్కడ ఇంటిపేరు మనిషిది కాదు తల్లీ, పొలం ఇంటిది. 'ఇంక్' అనేది ఫలానావాడి తాలూకు అని చెప్పే ప్రత్యయం. హెస్సెల్ అనే ఆయన తాలూకు వాళ్ల కమతం హెస్సెలింక్. ఆ కమతంలో ఎవరు కాపురముంటే వాళ్లు హెస్సెలింక్‌లు. ఫుట్‌బాల్ శిక్షకుడు గూస్ హిడ్డింక్ పేరు వినుంటావు, ఆయన పుట్టిన వార్సెవెల్ట్ అక్కడిదే. వింటర్స్‌వైక్ చుట్టుపక్కల ఇలాంటి పేర్లున్న పాత కమతాలు ఇంకా నిలబడి ఉన్నాయి.

దీంతో వచ్చే చిక్కు మనకైతే చెప్పగానే అర్థమవుతుంది. కొడుకులు లేని ఇంట్లో కూతురికి ఇల్లరికపు అల్లుడిని తెచ్చుకుంటే, అతను తన పేరు వదిలేసి ఆ కమతం పేరు పెట్టుకునేవాడు. మన దగ్గర ఇల్లరికం వెళ్లినవాడు సాధారణంగా ఇంటిపేరు తనదే ఉంచుకుంటాడు. అక్కడ మాత్రం నేల పేరే మనిషికొచ్చేది. అందుకే ఒక తల్లి కడుపున పుట్టిన ముగ్గురు అన్నదమ్ములు మూడు ఇంటిపేర్లతో కనిపిస్తారు. పాత చర్చి పుస్తకాల్లో 'ఫలానా, ఫలానా అని పిలవబడేవాడు' అని రెండు పేర్లు పక్కపక్కన రాసి ఉంటాయి. 'ఖెనామ్ట్' అన్న మాట కనబడితే ఆగు, అక్కడ పేరు మారింది.

నేను మొదట్లో ఒక కుటుంబానికి సాయం చేస్తూ ఇది తెలియక ఏడాది పోగొట్టాను. తండ్రి పేరు కొడుకుదీ అయి ఉండాలని పట్టుబట్టి, అదే పేరున్న ఇంకొకడిని తండ్రిగా అంటగట్టి, 1600 దాకా వంశవృక్షం గీసిచ్చాను. వాళ్లు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. తర్వాత పెళ్లి నమోదులో చూస్తే ఆయన ఆ ఇంటికి అల్లుడు. అతని రక్తమంతా నాలుగు మైళ్ల అవతల ఇంకో కమతానిది. వెళ్లి క్షమాపణ చెప్పుకుని ఆ పటం దింపించాను. ఆ ఇంటి ముసలాయన ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే చెబుతున్నా, అనుమానంగా ఉన్న గీతను పెన్సిల్‌తోనే గియ్యి.

ఇక మీ మామగారు చెప్పే కథ. 'నెపోలియన్ అధికారి మా తాతకి ఈ పేరు పెట్టాడు' అంటున్నారు కదా. ఈ దేశంలో ప్రతి రెండో ఇంట్లో ఆ కథ వింటాను. నిజమేమిటంటే, 1810లో ఫ్రాన్స్ ఈ దేశాన్ని కలిపేసుకుంది. 1811 ఆగస్టు 18న స్థిరమైన ఇంటిపేరు లేనివాళ్లు ఒకటి ఎంచుకుని నమోదు చేసుకోవాలని ఆజ్ఞ వచ్చింది. అప్పటికే పేరున్నవాళ్లకు దానితో పని లేదు. ఉత్తరాన ఉన్న ఫ్రీస్లాండ్‌లో అప్పటిదాకా తండ్రి పేరుతో సరిపెట్టుకున్నవాళ్లు చాలామంది వరుసకట్టి పేర్లు రాయించుకున్నారు, ఆ రిజిస్టర్లు ఇంకా ఉన్నాయి. కానీ ఆఖ్టర్‌హూక్‌లో కమతం పేర్లు అంతకు వందల ఏళ్ల ముందునుంచీ ఉన్నాయి. నెపోలియన్ కాలంలో జరిగింది వేరు. అప్పుడు మొదలైన పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్లలో ఏ పేరు ఏ రాతలో పడిందో అది గడ్డకట్టిపోయింది. ఆ తర్వాత కమతం మారినా పేరు మారలేదు. ఒక అక్షరం దిద్దాలన్నా కోర్టుకెళ్లాల్సి వచ్చేది. మీ సి కూడా అలా ఎవరో ఒక గుమాస్తా కలం దగ్గర గడ్డకట్టి ఉంటుందని నా అంచనా. ఆ పుట ఏదో దొరికితే నీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

నెపోలియన్‌ని వెక్కిరించడానికి జనం కావాలని వింత పేర్లు పెట్టుకున్నారని కూడా చెబుతారు. 'నాక్ట్‌ఖెబోరెన్' అనే పేరుని చూపిస్తారు, అక్షరాలా 'బట్టల్లేకుండా పుట్టిన' అని అర్థం కనుక. ఆ పేరు నెపోలియన్ కంటే పాతది. తండ్రి పోయాక పుట్టినవాడు అనే అర్థమున్న జర్మన్ మాట డచ్ నోట్లో అలా అయిందని పేర్ల మీద పనిచేసేవాళ్లు చెబుతారు. ఒక తండ్రిలేని బిడ్డ దుఃఖం రెండు వందల ఏళ్లుగా నవ్వులాటగా చలామణి అయింది. పైకి కనిపించే అర్థాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదని ఆ పేరు చూసినప్పుడల్లా అనుకుంటాను.

మామగారి ముందు మాత్రం 'మీ కథ తప్పు' అనకు. ఆయనకు ఆ కథ వాళ్ల నాన్న ఒళ్లో కూర్చుని విన్నది. ఆ కథ ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో ఉండగా చెప్పారు అని అడిగి రాసుకో. కథ తప్పయినా అందులో ఊరి పేరు నిజమై ఉంటుంది, చాలాసార్లు చూశాను. కుటుంబ చిహ్నం అంటూ డబ్బు పుచ్చుకుని డాలు బొమ్మ అమ్మేవాళ్ల దగ్గరకి మాత్రం పోవద్దు. ఆ డాలు అదే పేరున్న ఇంకెవరిదో అవుతుంది.

పని ఎలా చెయ్యాలంటే, మామగారి తండ్రి దగ్గర మొదలుపెట్టు. పుట్టుక నమోదు 100 ఏళ్లకు, పెళ్లిది 75 ఏళ్లకు, చావుది 50 ఏళ్లకు అందరికీ తెరుస్తారు. అంతకంటే కొత్తవి ఇంట్లోవాళ్ల దగ్గరే అడగాలి. పాతవి 'వీ వాస్ వీ', 'ఓపెన్ ఆర్కీవెన్' అనే వెబ్‌సైట్లు రెండింట్లోనూ వెతకొచ్చు, పత్రికల్లో చావు ప్రకటనలకు 'డెల్ఫర్' ఉంది. ఒక్కొక్క తరం వెనక్కి వెళ్తూ ప్రతి పెళ్లి దగ్గరా ఆగు. అన్నిటికంటే విలువైనవి పెళ్లికి జతచేసిన కాగితాలు. వధూవరుల పుట్టుక నకళ్లు, చనిపోయిన తల్లిదండ్రుల, ఒక్కోసారి తాతల మరణ నకళ్లు, వరుడి సైనిక ధ్రువపత్రం అందులో ఉంటాయి. ఆ ధ్రువపత్రంలో ఒక్కోసారి ఎత్తు, కళ్ల రంగు కూడా రాస్తారు. అల్లుడి ముక్కు ఎవరిదో అక్కడ దొరికినా ఆశ్చర్యం లేదు. 1811 నుంచి 1813 దాకా కొన్ని ఫ్రెంచిలో ఉంటాయి, అవి నాకు పంపు. అంతకు ముందువి చర్చి పుస్తకాలు. కమతం ఎక్కడుందో చూడటానికి 1832 భూమి కొలతల పటాలు వాడుకో.

పేరు అరుదు కావడానికి ఇంకో కారణం కూడా చూడాలి. 1840ల్లో బంగాళదుంప పంట తెగులుతో పోయింది. దానికి తోడు అధికారిక చర్చి నుంచి విడిపోయినవాళ్ల మీద ఒత్తిడి. ఆఖ్టర్‌హూక్ నుంచి జనం మిషిగన్‌కీ విస్కాన్సిన్‌కీ వెళ్లిపోయారు. 1847 నవంబరు 21న అలా వెళ్తున్న 'ఫీనిక్స్' అనే ఆవిరి ఓడ మిషిగన్ సరస్సులో, షెబాయ్‌గన్ ఒడ్డు కనిపించే దూరంలో కాలిపోయింది. పోయినవాళ్లలో ఎక్కువమంది డచ్‌వాళ్లు, వింటర్స్‌వైక్ ప్రాంతపు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒక్క రాత్రిలో కొన్ని ఇళ్ల పేర్లు అటూ ఇటూ లేకుండా పోయాయి. మీ పేరు అమెరికా జనగణనలో కూడా వెతుకు, అక్కడ సి ఊడి ఉంటుందో, కె ఊడి ఉంటుందో చూడాలి. ఈ దేశంలో పేర్లు తగ్గడానికి ఇంకా పెద్ద విషాదం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి యూదుల్లో లక్ష మందికి పైగా చంపేశారు. ఏదైనా పేరు 1942, 1943 దగ్గర తెగిపోతే మెల్లగా, మర్యాదగా అడుగు.

మీ తమ్ముడు భీమిలిలో డచ్ సమాధుల ఫోటోలు పంపి, అందులో బావ పేరు ఉందేమో చూడమన్నాడట. వాడి ఉత్సాహం ముచ్చటేసింది. వెతకడానికి దారి ఉంది. 1605లో మచిలీపట్నంలో అడుగుపెట్టిన డచ్ కంపెనీ తన ఓడల్లో ఎక్కిన ప్రతివాడికీ జీతం ఖాతా రాసింది. పద్దెనిమిదో శతాబ్దపు ఖాతాలు ఇక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, పేరుతో వెతకొచ్చు. సొంత ఊరు, ఎక్కిన ఓడ, ఎప్పుడు ఏమయ్యాడో అందులో ఉంటాయి. కానీ పేరు చెవికి వినిపించినట్టు రాశారు కాబట్టి పైన చెప్పిన రాతలన్నీ వెతకమను. పేరు కలిసినంత మాత్రాన బంధువు కాడని కూడా చెప్పు.

బిడ్డ పేరు సంగతి. 2024 జనవరి 1 నుంచి తల్లి పేరు, తండ్రి పేరు రెండూ కలిపి పెట్టే హక్కు వచ్చింది. ఏది ముందో మీ ఇష్టం. మొదటి బిడ్డకి ఎలా పెడితే మీకు తర్వాత పుట్టేవాళ్లకీ అలాగే. ఏమీ చెప్పకపోతే, పెళ్లయినవాళ్లు కాబట్టి తండ్రి పేరే పడుతుంది. కాబట్టి ప్రసవానికి ముందే మునిసిపాలిటీకి ఇద్దరూ వెళ్లి రాయించండి. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఉందో చూసుకో, పూర్తిగా లేకుండా ఒక్క అక్షరం మాత్రమే ఉంటే ముందు అది సరిచేయించుకోవాలి.

వచ్చే నెల రెండో వారం డూటింఖెమ్‌లోని ఆర్కైవ్స్‌కి నేను రైల్లో వస్తాను. నువ్వు ఇంటి దగ్గరే ఉండు, అల్లుడినీ మామగారినీ పంపు. మామగారి పాత బైబిలు ఉందన్నావు కదా, ముందు పేజీల్లో పుట్టిన తేదీలు రాసి ఉన్నది, అది తెమ్మను. ఎవరి చేతిరాతలో ఆ సి మొదలైందో అందులోనే కనిపించవచ్చు.

వేళకి తిను, ఐరన్ మాత్ర మానకు.

పెద్దమ్మ