కొత్త రౌటర్ వచ్చాక విండోస్ ఎక్స్‌పీకి నెట్ రాకపోవడం, ఫోల్డర్ తెరుచుకోకపోవడం: ఇవి రెండు వేర్వేరు సమస్యలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ, మూడో సర్వీస్ ప్యాక్‌తో నడిచే పాత డెస్క్‌టాప్ ఉంది. ఫోను లైను మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ తీయించి ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నప్పటి నుంచి దానికి నెట్ రావడం లేదు. విండోస్ 10 ల్యాప్‌టాప్ నుంచి అందులోని షేర్డ్ ఫోల్డర్ కూడా తెరుచుకోవడం లేదు. కనెక్షన్ పెట్టడానికి వచ్చినవారు కంప్యూటరు మార్చుకోమని చెప్పి వెళ్లిపోయారు. విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందా అని మీరు అడుగుతున్నారు.

దయచేసి ఆ పని చేయకండి. ఇదే పరిస్థితిలో నేను ఆ తప్పు చేసి, ఒక ఆదివారమంతా పోగొట్టుకుని, చివరికి ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే వచ్చాను. మా నాన్నగారు ఇంట్లోనే డీటీపీ పని చేసేవారు. ఇరవై ఏళ్ల పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఆలయ కమిటీల రసీదు పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఆ ఎక్స్‌పీ యంత్రంలోనే ఉన్నాయి. అవి యూనికోడ్ ఫాంట్లు కావు కాబట్టి, ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి మాత్రమే కనిపిస్తుంది. అందువల్ల ‘పాతది పారేసి కొత్తది కొనండి’ అన్న సలహా చెప్పినంత తేలిక కాదు. మీరూ ఏదో ఇలాంటి కారణంతోనే దాన్ని ఉంచుకున్నారని అనుకుంటున్నాను.

ముందుగా ఒక విషయం విడదీసి చూడాలి. నెట్ రాకపోవడం, ఫోల్డర్ తెరుచుకోకపోవడం ఒకే రోజున మొదలైనట్టు కనిపించినా, వాటి కారణాలు వేరు. మొదటిది దాదాపు ఎప్పుడూ ఎక్స్‌పీలో మిగిలిపోయిన పాత అమరిక వల్ల వస్తుంది. రెండోదానిలో ఎక్స్‌పీ తప్పేమీ లేదు, కావాలనే తలుపు మూసింది మీ విండోస్ 10. ఈ రెండింటినీ కలిపి ఒకే రోగంగా భావించడం వల్లనే నాకు ఆ ఆదివారం పోయింది.

మొదటిదానికి, ఏదీ మార్చకముందు, స్టార్ట్ మెనూలోని రన్‌లో ‘సీఎండీ’ అని కొట్టి, నల్ల తెరలో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ ఆదేశం ఇచ్చి, వచ్చినదంతా కాగితం మీద రాసుకోండి. అందులో ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో కంప్యూటరును గుర్తించే అంకెలు) 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి చిరునామా అందక విండోస్ తనకు తానే ఒకటి తగిలించుకుందని అర్థం. అప్పుడు కేబులు, రౌటర్ వెనక పోర్టు, నెట్‌వర్క్ కార్డు దగ్గర వెలగవలసిన చిన్న దీపం చూడాలి. అలా కాక చిరునామా చక్కగా 192.168తో మొదలై, ‘డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్’ (చిరునామాను రౌటర్ నుంచి తీసుకునే ఏర్పాటు) అన్న చోట ‘నో’ అని ఉంటే, కారణం దొరికినట్టే. ఎవరో ఎప్పుడో ఆ అంకెలను చేత్తో నింపి వెళ్లారు. మా యంత్రంలో జరిగింది ఇదే. పాత మోడెమ్ చిరునామా 192.168.1.1, కొత్త రౌటర్‌ది 192.168.0.1. మా ఎక్స్‌పీ మాత్రం ఇల్లు మారిన బంధువు పాత చిరునామాకే ఉత్తరాలు వేసినట్టు, లేని 192.168.1.1 కోసం వెతుకుతూ ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్, అందులో లోకల్ ఏరియా కనెక్షన్ ప్రాపర్టీస్, అందులో టీసీపీ/ఐపీ తెరిచి, చిరునామా, డీఎన్ఎస్ (వెబ్‌సైటు పేరును ఐపీ అంకెలుగా మార్చే సేవ) రెండింటినీ ‘ఆటోమేటికల్లీ’ అన్నదానికి మార్చాను. నిమిషంలో చిరునామా వచ్చింది. నెట్ మాత్రం ఇంకా రాలేదు.

ఎందుకు రాలేదో తెలియడానికి మరో గంట పట్టింది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో మోడెమ్‌ను బ్రిడ్జ్ పద్ధతిలో పెట్టి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి డయల్ చేసే పని కంప్యూటరుకే వదిలేసేవారు. డెస్క్‌టాప్ మీద ‘బ్రాడ్‌బ్యాండ్’ అనే చిహ్నం, దాన్ని రెండుసార్లు నొక్కితే కనెక్ట్ అవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఆ డయల్ చేసే పని ఫైబర్ రౌటరే చేసుకుంటుంది, కంప్యూటరు ఏమీ చేయనక్కర లేదు. అయినా పాత డయలర్ అలాగే ఉండి, ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కనెక్షన్స్ విభాగంలో ‘ఆల్వేస్ డయల్ మై డిఫాల్ట్ కనెక్షన్’ ఎంపికై ఉంటే, బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ విండోస్ లేని లైనుకు డయల్ చేయబోయి చతికిలబడుతుంది. ‘నెవర్ డయల్ ఎ కనెక్షన్’ ఎంచుకుని, ఆ పాత చిహ్నాన్ని తొలగించండి. అక్కడే ఉన్న ల్యాన్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ సర్వర్ ఏదైనా టిక్ చేసి ఉంటే అదీ తీసేయండి. మీదీ ఫోను లైను నుంచి ఫైబర్‌కు మారిన ఇల్లే కాబట్టి, నేను పందెం కట్టవలసి వస్తే ఈ రెండు కారణాల మీదే కడతాను.

ఇవి సరిగానే ఉన్నా పని జరగకపోతే, ఎక్కడ ఆగుతున్నదో మెట్టు మెట్టుగా చూడాలి. పింగ్ అంటే ఒక చిరునామాను పిలిచి జవాబు వస్తుందో లేదో చూసే ఆదేశం. ‘పింగ్ 127.0.0.1’ జవాబిస్తే కంప్యూటరులోని టీసీపీ/ఐపీ పొర బాగున్నట్టు. తర్వాత గేట్‌వే అని చూపిన రౌటర్ చిరునామాకు పింగ్ చేయండి, అది పలికితే కేబులు, కార్డు బాగున్నట్టు. ఆపైన 8.8.8.8కు (బయట ఉన్న గూగుల్ సర్వరు) చేయండి, అది పలికితే నెట్ మీ యంత్రం దాకా వచ్చినట్టే. చివరగా ఏదైనా వెబ్‌సైటు పేరుతో చేయండి. అంకె పలికి పేరు పలకకపోతే తప్పు డీఎన్ఎస్‌ది మాత్రమే. ఈ క్రమంలో తడబడిన మెట్టు దగ్గరే మందు వేయాలి, దాని పైమెట్ల జోలికి పోనక్కర లేదు.

‘ఐపీకాన్ఫిగ్ /రెన్యూ’ అన్నప్పుడు సాకెట్ కానిదాని మీద పని చేయబోయారన్న అర్థంలో ఒక వింత ఇంగ్లీషు వాక్యం వస్తే కంగారు పడకండి. పాత యాంటీవైరస్‌ను సగంలో తీసేసినప్పుడు, అది నెట్‌వర్క్ దారిలో దూర్చిన ముక్కలు విరిగి మిగిలిపోవడం వల్ల తరచుగా అలా అవుతుంది. రెండో సర్వీస్ ప్యాక్ నుంచి ఎక్స్‌పీలో ‘నెట్ ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్’ అనే ఆదేశం ఉంది (నెట్ ఎస్‌హెచ్ అన్నది ఖాళీ లేకుండా ఒకే మాటగా కొట్టాలి). అది ఇచ్చి, కంప్యూటరు ఆపి మళ్లీ వేస్తే చాలా సందర్భాల్లో చక్కబడుతుంది.

వైఫై గురించి క్లుప్తంగా: ఆ కాలపు యూఎస్‌బీ అడాప్టర్లలో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప మరొకటి కనిపించదు. రౌటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3కు మాత్రమే పెట్టి ఉంటే ఎక్స్‌పీ కలవలేదు. అవకాశం ఉంటే కేబులే వేయండి, సగం తలనొప్పి పోతుంది.

పింగ్ అన్ని మెట్లూ దాటాక కూడా బ్రౌజర్ ‘పేజీ చూపలేను’ అంటే, అది నెట్‌వర్క్ లోపం కాదని గుర్తించాలి. ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సైట్ల భద్రతా ధ్రువపత్రాలు ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ భావించి తిరస్కరిస్తుంది. తేదీ సరిగా ఉన్నా, ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8కి టీఎల్ఎస్ 1.2 (సైటుతో భద్రంగా మాట్లాడే పద్ధతి) రాదు, ఇప్పటి సైట్లలో ఎక్కువ భాగం అంతకంటే తక్కువదాన్ని ఒప్పుకోవు. ఎక్స్‌పీ మీద నడిచే చివరి క్రోమ్ 49, చివరి ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్ఆర్. ఫైర్‌ఫాక్స్‌తో కొంత నెట్టుకురావచ్చు, కానీ అందులో బ్యాంకు పని మాత్రం ఎన్నడూ చేయవద్దు.

ఇక రెండో సమస్య, నా దృష్టిలో మీకు నిజంగా కావలసింది ఇదే. కంప్యూటర్లు ఫోల్డర్లు పంచుకునే పద్ధతి పేరు ఎస్ఎంబీ. ఎక్స్‌పీకి తెలిసింది దాని మొదటి వెర్షన్ ఒక్కటే. విస్టాతో రెండో వెర్షన్, విండోస్ 8తో మూడోది వచ్చాయి. 2017 శరత్కాలంలో వచ్చిన 1709 వెర్షన్ నుంచి, కొత్తగా ఎక్కించిన విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ మొదటి వెర్షన్‌ను పెట్టడం మానేసింది, లేదా వాడకపోతే దానంతట అదే పోయేలా చేసింది. అంటే మీ ల్యాప్‌టాప్ ఎక్స్‌పీ మాట్లాడే భాషను మరిచిపోయింది. ఎక్స్‌పీలో మీరు ఎంత వెతికినా లోపం దొరకదు.

దీనికి కారణం మామూలుది కాదు. 2017 మే 12న ప్రపంచమంతా పాకిన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దూసుకొచ్చింది సరిగ్గా ఈ మొదటి వెర్షన్‌లోని రంధ్రం గుండానే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. నిజానికి ఎక్కువగా దెబ్బ తిన్నవి ప్యాచ్ (ఆ రంధ్రం పూడ్చే సవరణ) వేసుకోని విండోస్ 7 యంత్రాలు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే మద్దతు ముగిసినా, ఈ ఒక్క రంధ్రం కోసం మైక్రోసాఫ్ట్ మళ్లీ ప్యాచ్ విడుదల చేసింది. దాని నంబరు కేబీ4012598. మీ యంత్రంలో అది లేకపోతే, కింద చెప్పేది చేయకముందే దాన్ని ల్యాప్‌టాప్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌తో తెచ్చి ఎక్కించండి.

ఆ తర్వాత విండోస్ 10లో ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ తెరిస్తే, ఎస్ఎంబీ 1.0 అన్న పేరు కింద మూడు ఉపభాగాలు ఉంటాయి: ఆటోమేటిక్ రిమూవల్, క్లయింట్, సర్వర్. మూడింటిలో క్లయింట్‌ను మాత్రమే టిక్ చేయండి. ఫోల్డరు ఎక్స్‌పీలో ఉండి, ల్యాప్‌టాప్ వెళ్లి తీసుకునేటట్టయితే సర్వర్ భాగం అవసరమే లేదు. దాన్ని తెరిచి ఉంచడమంటే, వీధి తలుపు చాలినప్పుడు పెరటి తలుపు కూడా బార్లా తెరవడం.

ఇక్కడ నా రెండో పొరపాటు చెప్పాలి. మొదటిసారి నేను పై పేరునే టిక్ చేశాను, దానితో మూడూ ఒకేసారి టిక్ అయ్యాయి. ఫోల్డరు తెరుచుకుంది, ఫైళ్లు వచ్చాయి, సంతోషంగా ఉన్నాను. మళ్లీ ఒక నెల తర్వాత అవసరపడి చూస్తే తెరుచుకోలేదు. రౌటర్‌ను తిట్టాను, కేబులు మార్చాను, ఎక్స్‌పీ ఫైర్‌వాల్‌ను అనుమానించాను. చివరికి చూస్తే, ల్యాప్‌టాప్ వేసి ఉన్న కాలం లెక్కన 15 రోజులు ఎస్ఎంబీ 1 వాడకపోతే దాన్ని తీసివేసే పని ఆ ఆటోమేటిక్ రిమూవల్‌దే. అది నేను చెప్పిన పనే చేసింది. ఎప్పుడో ఒకసారి మాత్రమే ఫైళ్లు తీసుకునేవారికి ఇది మంచిదే, అప్పుడు మళ్లీ టిక్ చేసుకోవచ్చు. కారణం తెలియకపోతే మాత్రం దెయ్యం పట్టినట్టే ఉంటుంది.

ఇంకో మాట. నెట్‌వర్క్ జాబితాలో ఎక్స్‌పీ పేరు కనిపించడం లేదని వెతుకుతూ కూర్చోకండి. ల్యాప్‌టాప్ రన్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, వెంటనే ఎక్స్‌పీ ఐపీ అంకెలు కొట్టండి. వర్క్‌గ్రూప్ పేర్లు వేరైనా (ఎక్స్‌పీ హోమ్‌లో అది ఎంఎస్‌హోమ్ అని ఉంటుంది) అంకెతో వెళ్లినప్పుడు అడ్డు రాదు. అంకెతోనూ రాకపోతే, ఎక్స్‌పీ ఫైర్‌వాల్‌లో ఎక్సెప్షన్స్ కింద ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ టిక్ అయి ఉందో లేదో చూడండి.

చివరగా, ఎక్స్‌పీకి నెట్ తెప్పించడం ఎలాగో పైన రాశాను గానీ, తెప్పించాక మళ్లీ తీసేయమనే నా సలహా. మా ఇంట్లో చేసిన ఏర్పాటు ఇది: ఎక్స్‌పీ టీసీపీ/ఐపీ అమరికలో, రౌటర్ ఇతరులకు పంచే అంకెల వరసకు బయట ఉన్న 192.168.0.250ని చేత్తో ఇచ్చి, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఉంచి, డిఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ గళ్లను ఖాళీగా వదిలేశాను. గేట్‌వే లేనందువల్ల ఆ యంత్రం ఇంట్లోని ల్యాప్‌టాప్‌తో, ప్రింటరుతో మాట్లాడగలదు గానీ గడప దాటి బయటికి పోలేదు. రెండేళ్లుగా నాన్నగారి పాత శుభలేఖలు అలాగే తీసుకుంటున్నాం.

ఇవన్నీ చూశాక కూడా తెరుచుకోకపోతే, ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’లో వచ్చిన వరసలు, ఏ మెట్టు దగ్గర పింగ్ ఆగిందన్నది, ల్యాప్‌టాప్ చూపిన లోపం అంకె (0x80070035 లాంటిది) యథాతథంగా రాయండి. ‘రావడం లేదు’ అన్న మాట ఒక్కటే ఉంటే నాకు ఊహించడం తప్ప దారి ఉండదు.