వ్యాపారం క్లాసులో నేర్పితే వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ మూడో సంవత్సరం. కాలేజీలో ఎంట్రప్రెన్యూర్‌షిప్ (వ్యాపారం పెట్టడం నేర్పే) మైనర్, అంటే డిగ్రీతో పాటు చేసే అదనపు కోర్సు, తీసుకుంటాడట, ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోడట. మా ఇంటావంటా వ్యాపారం లేదు. ఇలాంటివి చదివితే వస్తాయా? టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ అనుమానం కొత్తదేం కాదండీ. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో దీన్ని తేల్చుకోడానికి మన దగ్గరికే వచ్చాడు. కాకినాడ నుంచి 52 మందిని హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలవాళ్లకు శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థకు పిలిపించి శిక్షణ ఇప్పించాడు. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్ఐఎంఎస్ఎంఈ అంటున్నామే, అదే ఇది. శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్లకంటే చురుగ్గా కొత్త పనులు మొదలుపెట్టారు, పెట్టుబడి పెంచారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. దేశానికి ఉద్యోగాలు కావాలంటే యూనివర్సిటీల్లో వ్యాపారం నేర్పాలనే వాదనకు బలం అక్కడుంది. కాకపోతే ఆ కాకినాడవాళ్లలో చాలామంది అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు. ఈ ముక్క కాలేజీ బ్రోచర్లలో కనపడదు.

మొన్న ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి కిరాణా షాపుల లెక్కల యాప్ గురించి 30 స్లైడ్లు చూపించాడు. ఎంతమంది షావుకార్లను అడిగావన్నాను. ఒక్కరినీ అడగలేదు. బేగంబజార్ పంపాను. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. "గుమాస్తా ఉన్నాడుగా, యాప్ ఎందుకు?" అన్నారట అందరూ. ఒక్కాయన మాత్రం ఎర్ర అట్ట ఖాతా పుస్తకం తిప్పి, మూడు నెలలుగా రాని బాకీలు చూపించాడట. "ఇవి వసూలయ్యే దారుంటే చెప్పు, డబ్బులిస్తా" అన్నాడట. పిల్లవాడికి అసలు క్లాసు ఆ రోజే జరిగింది.

ప్లేస్‌మెంట్స్ మానాల్సిన పనేం లేదు, కూర్చోమనండి. చదువు మధ్యలో వదిలేయనివ్వకండి. వాడి వ్యాపారం మరీ ముందుకెళ్తే, స్టార్టప్ కోసం సెమిస్టరో, ఏడాదో విరామం తీసుకుని తిరిగి చేరే వెసులుబాటు ఇవ్వొచ్చని కేంద్రం 2019లో ఇచ్చిన విద్యార్థుల స్టార్టప్ పాలసీలో ఉంది. మీ కాలేజీ దాన్ని అమలు చేస్తోందో లేదో రాతపూర్వకంగా అడగండి, మాట మీద నమ్మొద్దు. తయారుచేసే వస్తువైతే నమూనా కోసం రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ఉంది, వెళ్లి కనుక్కోమనండి.

ముందు మైనర్ సిలబస్ తెప్పించుకోండి. బయటికెళ్లి నిజంగా ఏదైనా అమ్మే పనికి ఎన్ని మార్కులున్నాయో చూడండి. అంతా థియరీ, స్లైడ్లే అయితే ఆ మైనర్ వద్దనండి. వారానికి ఒక పూట ఏదైనా షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టండి.