యుద్ధం–పిల్లలు: బొమ్మ పోస్టర్‌లా ఉందంటే కారణం ఇదే
యుద్ధంలో పిల్లల గురించి మీరు వేసిన గోడ బొమ్మలో ట్యాంకు, పొగ, ముందు ఏడుస్తున్న పాప, అన్నీ ఒకే గోడ మీద పెట్టేశారు. అందుకే చూసినవాళ్ళు పోస్టర్‌లా ఉందంటున్నారు, వాళ్ళు ఊహించుకోవడానికి మీరేమీ మిగల్చలేదు.

1. ట్యాంకు, పొగ తీసేయండి. పిల్లల్ని ఉంచండి, ఆడుకుంటున్నట్టు.

2. అందరూ వదిలేసేది ఇక్కడే. స్కెచ్ ఇంట్లో గీసేసి, తర్వాత గోడ వెతుక్కుంటారు. ముందు గోడ దగ్గరికెళ్ళి పగులో, ఊడిన పెచ్చో, పొడుచుకొచ్చిన ఇనుప చువ్వో ఏముందో చూసి, దాన్నే పిల్లల ఆటవస్తువుగా మార్చండి. 2022లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో బ్యాంక్సీ (అసలు పేరు బయటపెట్టకుండా వీధి గోడల మీద బొమ్మలు వేసే బ్రిటిష్ కళాకారుడు) వేసిన బొమ్మ చూడండి: ట్యాంకుల్ని ఆపడానికి పెట్టిన అసలు ఇనుప అడ్డంకి కాంక్రీటు దిమ్మ ముందు అలాగే ఉంది, వెనక దిమ్మ మీద ఇద్దరు పిల్లల్ని వేసేసరికి అది వాళ్ళు చెరో కొసన కూర్చుని ఊగే సీ-సా అయిపోయింది. తుప్పు పట్టిన ఇనుము నిజం, పిల్లలు పెయింటు. ఆ రెండూ కలిసేచోట గుండె కలుక్కుమంటుంది. 2015లో ఆయనే గాజాలో వేసిన దాంట్లో బురుజు కూడా పెయింటే, కానీ ఆలోచన ఇలాంటిదే: సైనిక కావలి బురుజు చుట్టూ పిల్లలు రంగులరాట్నం తిరుగుతుంటారు.

3. పిల్లలు అసలు సైజులో, కాళ్ళు నేలకి ఆనేలా ఉండాలి. పైకెక్కిస్తే మళ్ళీ హోర్డింగే.

4. నినాదం వద్దు.

5. వార్తల్లో వచ్చిన గాయపడ్డ బిడ్డ ముఖాన్ని మాత్రం దించకండి, ఆ బిడ్డని ఎవరూ అడగలేదు. ముఖం పక్కకి తిప్పినా బొమ్మ బలం తగ్గదు.