కారు సీటులో పాప తల ముందుకు వాలిపోతుంటే

ఎనిమిది నెలల పాప తల అలా వాలిపోతోందంటే, పిల్లల సీటును ముందుకు తిప్పి బిగించి ఉండొచ్చు, లేదా దాని వాలు సరిపోక ఉండొచ్చు. నల్గొండ నుంచి హైదరాబాద్ దాకా ఆ లేత మెడ ఆగదు.

1. పాప ముఖం కారు వెనక వైపు ఉండేలా పిల్లల సీటును తిప్పండి. కారు వెనక సీట్లోనే పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో అస్సలు వద్దు.

2. ఎంత వాలాలో చూపే గుర్తు పిల్లల సీటు పక్కన ఉంటుంది, అది చూసి వాలు సరిచేయండి.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే. పిల్లల సీటులో మోకాలు ఆనించి బరువంతా వేసి నొక్కుతూ, కారు బెల్టు లాగి బిగించండి. తర్వాత బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపండి. 2.5 సెంటీమీటర్లకు మించి కదిలితే మళ్లీ బిగించాల్సిందే. మా పిల్లల వార్డులో డిశ్చార్జ్ రోజు నాన్నలతోనే ఇది చేయిస్తాం.

4. భుజం పట్టీని వేళ్లతో గిల్లితే మడత చిక్కకూడదు. దుప్పటి పట్టీల పైన కప్పండి, కింద కాదు.

నార్కట్‌పల్లి దగ్గర ఏడ్చిందని నడుస్తున్న కారులో ఒడిలోకి తీసుకోవద్దు. ఏదైనా హోటల్ దగ్గర ఆపి, అప్పుడు ఎత్తుకోండి.