బొమ్మ బాగుందంటున్నారు కానీ అందులో కథ కనిపించడం లేదంటున్నారు. ఏం చేయాలి?

మూడేళ్లుగా బొమ్మలు వేస్తున్నానని, మనుషుల కొలతలు, రంగులు బాగానే కుదురుతున్నాయని, అయినా చూసినవాళ్లు ‘బాగుంది’ అనేసి వెళ్లిపోతున్నారని రాశారు. కొండ అంచున ఒంటరిగా నిలబడ్డ అమ్మాయి, ఎదురుగా అస్తమిస్తున్న సూర్యుడు అంటూ మీరు వివరించిన ఆ బొమ్మ దగ్గరికి చివర్లో వస్తాను. ముందు నా అనుభవం చెప్పనివ్వండి.

బొమ్మలు వేయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పిల్లల పత్రిక నాకు ఓ కథ పంపింది. తప్పిపోయిన కుక్క వారం తర్వాత ఇంటికి తిరిగొస్తుంది. నేను కుర్రాడు కుక్కను కావలించుకున్న బొమ్మ వేశాను. కుక్క బొచ్చు మీదే రెండు రోజులు కూర్చున్నాను. సంపాదకురాలు చూసి, “కుక్క దొరికిందని కథలో ఎలాగూ రాసి ఉంది కదా, మీ బొమ్మ కొత్తగా ఏం చెబుతోంది?” అని అడిగారు. చాలా బాధేసింది. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ఒకే కాగితం మీద అగ్గిపెట్టంత గళ్లు గీసుకుని, ఒక్కో గడిలో ఆ సన్నివేశాన్ని ఒక్కో రకంగా గీస్తూ పోయాను. మొదటి ఆరేడు గళ్లలోనూ కావలింతే, కోణం మాత్రమే మారింది. పన్నెండో గడిలో మొదటిసారి కావలింత పోయింది. కుర్రాడు తలుపుకి వీపు పెట్టి బల్ల ముందు కూర్చున్నాడు. తలుపు సగం తెరిచి ఉంది. గడప మీద కుక్క, మెడలో తెగిన తాడు. కుర్రాడింకా చూడలేదు. వాడికి ఎదురుగా నిలబడ్డ అమ్మ మాత్రం చూసింది, ఆమె చేతిలోని గిన్నె గాల్లోనే ఆగిపోయింది. అదే అచ్చయింది. కావలింత ఎవరి కళ్ల ముందు వాళ్లకే కనిపించింది, నేను గీయకుండానే.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. బొమ్మలో ఉన్నవాళ్లలో ఎవరికి ఏం తెలుసు, చూస్తున్న మనకేం తెలుసు అనే తేడాలోంచే కథ పుడుతుంది. అందరికీ అన్నీ తెలిసిపోయిన క్షణాన్ని గీస్తే ఇక అడగడానికేమీ మిగలదు. ఇప్పటికీ ఏ పని మొదలుపెట్టినా పెన్సిల్ పట్టేముందు ఈ ఒక్క ప్రశ్నే వేసుకుంటాను.

దీనికి నాకు గురువులాంటి బొమ్మ ఒకటుంది. రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ 1884లో వేసిన చిత్రం. ప్రవాస శిక్ష నుంచి ఒక మనిషి చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి గదిలో అడుగుపెడతాడు. వీపు మనవైపున్న పెద్దావిడ కుర్చీలోంచి సగం లేచింది. పియానో దగ్గరున్న ఆమె తల తిప్పింది. అబ్బాయి ముఖం వెలిగింది, పక్కనున్న చిన్నపిల్ల మాత్రం బెదురుగా చూస్తోంది, ఆయనెవరో ఆ పిల్లకి తెలియదు. ఒకే గదిలో ఒక్కొక్కరు గుర్తుపట్టడంలో ఒక్కో మెట్టు మీద ఉన్నారు. ఆ వచ్చిన మనిషి ముఖం రేపిన్‌కి ఎంతకీ నచ్చలేదు, 1888 దాకా మార్చి మార్చి వేశాడు. గెలిచి వచ్చినవాడిలా ఉండాలా, తనని గుర్తుపడతారో లేదోనని జంకుతున్నవాడిలా ఉండాలా అన్నదాన్ని బట్టి కథే మారిపోతుంది మరి.

1960లలో యార్బస్ అనే సోవియట్ శాస్త్రవేత్త, చూపు బొమ్మ మీద ఎలా తిరుగుతుందో కొలవడానికి ఈ చిత్రాన్నే వాడాడు. మనుషుల వయసులు చెప్పమంటే చూపు ముఖాల మీద ఆగింది. ఆ కుటుంబం డబ్బున్నదా లేనిదా అంటే బట్టలకీ సామాన్లకీ మళ్లింది. ఆ వచ్చిన మనిషి ఎంతకాలం దూరంగా ఉన్నాడో చెప్పమంటే ముఖం నుంచి ముఖానికి పరుగెత్తింది. అంటే చూసేవాడి మనసులో ఉన్న ప్రశ్నే వాడి కంటిని నడిపిస్తుంది. మనం ఆ ప్రశ్నని రేపగలిగితే చాలు, కన్ను దానంతటదే వెతుక్కుంటుంది.

క్షణాన్ని ఎంచుకోవడం గురించి ఇంకొక్క ఉదాహరణ. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరోమ్, రోమన్ పాలకుడు జూలియస్ సీజర్ హత్యని వేసినప్పుడు కత్తి దిగే క్షణాన్ని వదిలేశాడు. హత్య అయిపోయింది, చంపినవాళ్లు వెళ్లిపోతున్నారు, శవం ఒక మూలకి నీడలో పడి ఉంది. ఖాళీ అయిన ఆ సభలో ఒక్క సభ్యుడు మాత్రం ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. ఆ ఒక్కడి గురించి ఎంతసేపైనా ఆలోచించవచ్చు.

ఇక చేతిపని. మనలో చాలామందిమి భావమంతా ముఖంలోనే పెట్టేస్తాం. మీ బొమ్మలో ముఖం మీద బొటనవేలు అడ్డుపెట్టి చూడండి. భుజాలు, చేతులు, నిలబడ్డ తీరు ఇంకా ఏదైనా చెబుతున్నాయా? మనిషి మొత్తాన్ని నల్లగా నింపేసినా ఏం చేస్తున్నాడో తెలియాలి. వెలుగునీడల్లో అతి పెద్ద తేడా ఎక్కడుంటే కన్ను ముందు అక్కడికే పోతుంది కాబట్టి ఆ చోటు కథకి ఇవ్వండి, అందమైన మేఘానికి కాదు. కథ కావాలని వస్తువులు నింపడం మాత్రం వద్దు. తెగిన తాడు ఒక్కటి చేసిన పని పది వస్తువులు చేయలేవు.

బొమ్మ చూపించి “ఎలా ఉంది?” అని అడగడం కూడా మానేయండి. “దీనికి ముందు ఏం జరిగి ఉంటుంది? తర్వాత ఏమవుతుంది?” అని అడిగి, మీరేమీ వివరించకుండా వినండి. నలుగురు నాలుగు ముగింపులు చెబితే సంతోషించండి. కానీ ఇప్పుడేం జరుగుతోందన్న దాని మీదే నలుగురూ నాలుగు రకాలుగా చెబితే, బొమ్మలో తికమక ఉన్నట్టే, మళ్లీ చిన్న గళ్ల దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు మీ కొండ అంచు అమ్మాయి. సూర్యాస్తమయాన్ని తీసేయనక్కర్లేదు. ఆమె చూపు సూర్యుడి మీదే ఉండనివ్వండి, ఆమె వెనక కొండ కింది దారిలో దీపం పట్టుకుని పైకి వస్తున్న ఒక చిన్న ఆకారాన్ని పెట్టండి. అది ఆమెకి తెలియదు, మనకి తెలుసు. ఆమె చెప్పులు విప్పి పక్కన జాగ్రత్తగా పెట్టుకుంటే ఒక కథ, చేతిలో మూట బిగించి పట్టుకుంటే ఇంకో కథ. అలా ఓ ఇరవై చిన్న గళ్లు గీయండి. వాటిలో మూడు ఎంచుకుని ఇక్కడే పెడితే, నేను తప్పకుండా చూసి చెబుతాను.