ఫుట్‌పాత్‌పై పడుకునేవారు పని చేయడం ఇష్టం లేకనే అలా ఉంటున్నారా?

విజయవాడలో ఇల్లు లేనివారు రాత్రి తలదాచుకునే నైట్‌ షెల్టర్లు ఉండగా కొందరు బస్టాండు ముందూ, రైల్వేస్టేషన్‌ దగ్గరా పడుకోవడం సోమరితనం కాక మరేమిటని ఒకరు అడిగారు. నగరంలోని మా వన్‌టౌన్‌ ప్రాంతంలోనూ చాలామంది ఇదే మాట అంటారు.

2011 జనాభా లెక్కల్లో వివరాలు రాసుకునే ఎన్యూమరేటరుగా పనిచేసిన ఉపాధ్యాయుడిని నేను. ఇల్లు లేనివారిని ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా లెక్కించారు. వారు సుమారు 17.7 లక్షల మంది అని తేలింది. ఆ రాత్రి స్టేషన్‌ పరిసరాల్లోనూ, కృష్ణ ఒడ్డున ఘాట్ల మీదా నేను వివరాలు రాసుకున్నవారిలో ఎక్కువమంది ఏదో ఒక పని చేసుకుని బతికేవారే. పెళ్లి వంటల దగ్గర అంట్లు తోమే ఆవిడ, కాళేశ్వరరావు మార్కెట్లో బస్తాలు మోసే ముఠా కూలీ, ఖాళీ సీసాలు ఏరి పాత సామాను కొట్లో అమ్ముకునే అన్నదమ్ములు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. వీరు పని చేస్తున్నప్పుడు ఇల్లు లేదన్న సంగతి మనకు తెలియదు, నిద్రపోతున్నప్పుడు పని ఉందన్న సంగతి తట్టదు. అందుకే పగటి కూలీయే రాత్రికి మన కంటికి దొంగగానో, తాగుబోతుగానో కనిపిస్తాడు. తాగేవారు లేరని నేను అనను. ఇల్లున్నవాడు తాగితే తలుపు వేసుకుంటాడు, అంతే తేడా.

ఇక షెల్టర్ల విషయం. పట్టణ పేదల కోసం 2024 వరకు నడిచిన కేంద్ర పథకం జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌ మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం వంద మందికి వసతి ఉండాలన్నాయి. పది లక్షలు దాటిన మన నగరానికి ఆ లెక్కన వెయ్యి మందికి పైగా చోటు కావాలి. చోటు ఉన్నా అందరూ వెళ్లలేరు. తెల్లవారుజామున లారీ వచ్చేసరికి మార్కెట్‌ దగ్గర ఉన్నవాడికే మోత దొరుకుతుంది కాబట్టి, దూరపు షెల్టరులో పడుకున్నవాడు ఆనాటి కూలిని వదులుకోవలసిందే. ఆడవారికీ మగవారికీ విడి గదులు ఉన్నచోట భార్యాభర్తలు విడిపోవడానికి ఒప్పుకోరు. తమ మూట ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం సరేసరి.

ఎవరూ పడుకోకూడదని దుకాణం కట్టేసేటప్పుడు మెట్ల మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించేవారిని మా వీధిలో తరచూ చూస్తుంటాను. పుట్టినరోజుకు పులిహోర పొట్లాలు పంచి ఫొటో దిగేవారూ, మర్నాడు అదే మనిషి మెట్టు మీద కూర్చుంటే కసిరేవారూ ఒక్కోసారి ఒకరే కావడం విచిత్రం.

తమలో తాము మాట్లాడుకుంటూ తిరిగేవారిని పిల్లలు రాళ్లతో కొడుతుంటే పెద్దలు నవ్వుతూ చూడటం మరీ దారుణం. మానసిక వ్యాధితో తమను తాము చూసుకోలేని స్థితిలో వీధుల్లో తిరిగేవారిని పోలీసులు రక్షణలోకి తీసుకుని, 24 గంటలు దాటకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని నూరవ సెక్షను చెబుతోంది. అలాంటివారు కనిపిస్తే ఆ సెక్షను పేరు చెప్పి స్థానిక పోలీస్‌ స్టేషన్‌కు తెలియజేయండి.