అమ్మడికి, ప్రాజెక్టు రాసేముందు

పెదవాల్తేరు

చిరంజీవి అమ్మడికి,

నువ్వు పరిశోధనలకి కేంద్రం తరఫున డబ్బిచ్చే ఏఎన్ఆర్ఎఫ్‌కి ప్రాజెక్టు రాస్తున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. మా రోజుల్లో ఆ డబ్బిచ్చేది ఢిల్లీ డీఎస్టీ, అంటే కేంద్ర సైన్సు శాఖ. తర్వాత ఆ పనికే సెర్బ్ అనే బోర్డు వచ్చింది, 2023 చట్టంతో దాన్ని ఇందులో కలిపేశారు. పేర్లు మారాయి గానీ, దేనికిచ్చిన డబ్బు దానికే అనే పద్దుల తలనొప్పి మారలేదు. ఫోన్ పెట్టేశాక ఆ మాటే నాలుగుసార్లు చెప్పానని మీ పెద్దమ్మ నవ్వింది. తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

ప్రకటన రెండుసార్లు చదువు. కొటేషన్లు ఇప్పుడే తెప్పించు. ఆఖరి రోజు దాకా ఆగకు, సైట్ మొరాయిస్తుంది.

అమెరికాలో మీ అన్నయ్య వేసవి జీతం గ్రాంటులోంచి తీసుకుంటాడు. అక్కడ చాలామంది జీతం తొమ్మిది నెలలకే. అక్కడ గ్రాంట్లిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఎస్ఎఫ్ అయినా మామూలుగా ఏడాదికి రెండు నెలల జీతానికి మించి ఒప్పుకోదు. నువ్వు ఆ లెక్క వేసుకోకు. ఇక్కడ నీ జీతం నీది, ప్రాజెక్టు ప్రాజెక్టుది. లాభమంతా డిపార్ట్‌మెంట్‌కే. కొన్న పరికరం అక్కడే ఉంటుంది, ఎమ్మెస్సీ పిల్లలు కూడా దానిమీద చెయ్యి తిప్పుకుంటారు. ఓవర్‌హెడ్ వాటా, అదే పైఖర్చుల కింద ఇచ్చేది, యూనివర్సిటీ కరెంటుకీ ఆఫీసుకీ పోతుంది. బయటినుంచి తెచ్చిన ప్రాజెక్టుల సొమ్ము యూనివర్సిటీలకి కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులోనూ లెక్కకొస్తుంది. ఏడాది బడ్జెట్ ఫార్మలిన్‌కీ గాజు సామానుకీ సరిపోయే మనలాంటి చోట్ల ఇదే ఆసరా. ఆ ఓవర్‌హెడ్‌లో డిపార్ట్‌మెంట్‌కి ఎంతిస్తారో ముందే కాగితం మీద రాయించుకో. తర్వాత అడిగితే మొహమాటాలు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నక్కూడా పూర్తిగా చెప్పలేదు.

1991లో నాకు మొదటి ప్రాజెక్టు వచ్చింది. విదేశీ మైక్రోస్కోపు ఒకటి అందులో మంజూరు. కొటేషన్ ఏప్రిల్‌ది. ఆర్డరు పెట్టడానికి నేను తాత్సారం చేశాను. ఇంకో మోడల్ చూద్దాం, ఇంకో లెన్స్ చూద్దాం అనే ఆశ. జులై మొదటి వారంలో రూపాయి విలువ రెండు దఫాలుగా తగ్గించారు. అదే మైక్రోస్కోపుకి డబ్బు చాలలేదు. ఢిల్లీకి ఉత్తరం రాసి అనుమతి అడగాల్సింది. అడిగితే ఆలస్యమని, ఫెలోషిప్ పద్దులో ఉన్న డబ్బు తీసి ఇందులో కలిపేశాను. మార్చిలో రెండో విడత వస్తుంది, సర్దేయొచ్చు అనుకున్నాను.

యూసీ, అదే డబ్బు దేనికి వాడామో చెప్పే ధ్రువపత్రం, పంపాక అభ్యంతరం వచ్చింది. పద్దు మార్చడానికి అనుమతి ఎక్కడా అని. రెండో విడత ఆగిపోయింది. ఎనిమిది నెలలు నా దగ్గర చేసే కుర్రాడికి పైసా ఇవ్వలేకపోయాను. శ్రీకాకుళం వైపు పల్లెటూరి పిల్లాడు, వేకువనే ఫిషింగ్ హార్బరుకెళ్ళి శాంపిళ్ళు తెచ్చేవాడు. నోరు తెరిచి అడగలేదు. మధ్యాహ్నం క్యారేజీ తేవడం మానేశాడు. చూస్తూనే ఉన్నాను, ఆకలి లేదంటే నమ్మాను. ఒకరోజు భీమిలి దగ్గర రొయ్యపిల్లల హేచరీలో ఉద్యోగం దొరికిందని సెలవు చీటీ పెట్టి వెళ్ళిపోయాడు. పీహెచ్‌డీ అక్కడితో సరి. డబ్బు తర్వాత వచ్చింది, వాడు రాలేదు.

మైక్రోస్కోపు మాత్రం నేను రిటైరయ్యేదాకా పనిచేసింది. దాని అద్దంలో చూసినప్పుడల్లా నాకు క్యారేజీ కనపడేది.

అందుకే అరుస్తున్నానే. ఒక పద్దు డబ్బు ఇంకో పద్దులోకి పోనివ్వకు. అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా. అకౌంట్స్ సెక్షన్లో గుమాస్తాతో స్నేహంగా ఉండు, నీ పేపర్లకంటే ఆయన లెడ్జరే నిన్ను కాపాడుతుంది. మార్చి 31 ముగియగానే యూసీ పని మొదలుపెట్టు. వడ్డీ పడితే అది నీది కాదు, తిరిగి కట్టాల్సిందే. నీ ప్రాజెక్టులో చేరే జేఆర్ఎఫ్‌కి, అంటే పరిశోధక విద్యార్థికి, నెలకి 37 వేలు, అద్దె భత్యం వేరే. విడత ఆలస్యమైతే ఆ పిల్లకో పిల్లాడికో ఎలా ఇస్తావో ఇప్పుడే హెడ్‌తో మాట్లాడుకో. అవతల వాళ్ళు అడగరు. నువ్వే అడగాలి, భోంచేశావా అని.

నీ ప్రాజెక్టు మీద నాకు నమ్మకం లేక కాదమ్మా. చిన్నప్పుడు ఆర్కే బీచ్‌లో పీతల వెనక పరిగెత్తిన దానివి, ఈ సముద్రాన్ని నువ్వు నాకంటే బాగా చదువుతావు.

బడ్జెట్ పేజీ ప్రింటు తీసుకుని ఆదివారం రా. కళ్ళజోడు మార్పించాను, అంకెలు కనిపిస్తున్నాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న